సంఘం షాట్

మీడియా కోర్సులో చేరిన పిల్లలకు మొదట్లోనే చెప్పే పాఠం ఒకటుంది. కెమెరాను కింద పెట్టి పైకి తీస్తే మనిషి గొప్పగా కనిపిస్తాడు. పై నుంచి కిందికి తీస్తే చిన్నబోతాడు. కంటి ఎత్తులో పెడితే ఉన్న మనిషి ఉన్నట్టు వస్తాడు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న, రాసేసి మరిచిపోతారు. జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో 1990ల చివర ఇదే పాఠం విన్న ఆడవాళ్లు మాత్రం మరిచిపోలేదు. వాళ్లలో చాలామందికి అక్షరాలు రావు, కూలీనాలీ చేసుకునే దళిత కుటుంబాల వాళ్లు. ఈ కోణాలన్నీ వాళ్లకు కెమెరా చేతికి రాకముందే తెలుసు. అరుగు మీది పెద్దమనిషి వాకిట్లో నిలబడ్డవాళ్లను ఎలా చూస్తాడో తెలుసు గనక పై నుంచి కిందికి చూసే కోణాన్ని పటేల్ షాట్ అన్నారు. కింది నుంచి తలెత్తి చూసేది జీతం చేసేవాడి చూపు అని గుర్తుపట్టారు. సమానంగా, ఎదురెదురుగా చూసేదానికి సంఘం షాట్ అని పేరు పెట్టారు. సంఘం మీటింగులో అందరూ కూర్చునేది ఒకే నేల మీద కదా. తమ సినిమాలకు ఆ ఎత్తే ఖాయం చేసుకున్నారు.

సినిమా తీయడం నేర్చుకున్నవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. నేర్చుకున్న మొదటి విడతలోనే ఆ విద్యకు సొంత వ్యాకరణం రాసుకున్నవాళ్లు ఎంతమంది? నాకు వీళ్ల పనిలో అన్నిటికన్నా ముచ్చటగా తోచేది ఇదే.

వీళ్ల గురువు పి.వి.సతీష్. మైసూరులో పుట్టి, ఢిల్లీలో జర్నలిజం చదివి, దూరదర్శన్‌లో దాదాపు రెండు దశాబ్దాలు పల్లె కార్యక్రమాలు తీసిన మనిషి. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు దేశంలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. దాన్ని సైట్ అన్నారు. అమెరికా ఉపగ్రహం సాయంతో, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు నేరుగా టీవీ పాఠాలు పంపారు. వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు. మన దేశంలో చదువు కోసం సాంకేతికతను అంత భారీగా వాడటం అదే మొదలు. అందులో సతీష్ ముఖ్యపాత్ర పోషించారు. ఆ ప్రయోగంలో మాట్లాడేది ఆకాశం, వినేది ఊరు. ఊరు తిరిగి మాట్లాడే దారి అందులో లేదు. ఆయన 1983లో మిత్రులతో కలిసి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పెట్టారు. దళిత ఆడవాళ్ల సంఘాలు కట్టి, బీడు పడ్డ భూముల్లో జొన్న, కొర్ర, సామ మళ్లీ పండించే పని అది. ఆ తర్వాత కెమెరా తీసుకొచ్చి ఊరి చేతిలో పెట్టడం, రెండు దశాబ్దాల కింద తెగిన ఆ సగం దారిని కలపడమేనని నా లెక్క.

కెమెరా మీద బొత్తాల పేర్లన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. చదవడం రానివాళ్లకు అది అడ్డం కావాలి, కాలేదు. ఏ బొత్తం ఎక్కడుంది, దాని మీద ఏ గుర్తుంది, నొక్కితే తెర మీద ఏం మారుతుంది అన్నది వేళ్లు పట్టేసుకున్నాయి. విత్తనం చేతిలోకి తీసుకుని మంచిదో తాలో చెప్పగలిగిన వేళ్లవి. ఎడిటింగ్ కూడా అంతే. ఎవరు ముందు మాట్లాడారు, ఏ మాట తర్వాత ఏ మాట వస్తే కథ నిలుస్తుంది అన్న లెక్క పాటలు, కథలు నోటితోనే దాచుకునే సమాజానికి కొత్తేమీ కాదు. స్క్రిప్టు కాగితం లేకుండా వరస గుర్తుపెట్టుకోవడంలో చదువుకున్న మనమే వాళ్ల ముందు తేలిపోతాం. 2001లో వీళ్ల బృందం కమ్యూనిటీ మీడియా ట్రస్ట్‌గా ఏర్పడింది.

పనితనం తేలేది ఎప్పుడూ కష్టమైన విషయం దగ్గరే. 2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. ఆ ఖరీఫ్‌లోనే వరంగల్ రైతులు విత్తారు. పేపర్ల నిండా ప్రకటనలు, సభల నిండా శాస్త్రవేత్తలు. ఈ ఆడవాళ్లు కెమెరా ఎత్తుకుని వరంగల్ చేలకు పోయారు. ఒకసారి పోయి పది మంది చేత నాలుగు మాటలు చెప్పించుకుని రావడం టీవీ వార్తల పద్ధతి. వీళ్లు పంటకాలమంతా ఆ రైతుల వెంట ఉన్నారు. విత్తిన నాటి ఆశ, కాయ పట్టేనాటి అనుమానం, తీత నాటి కోపం ఒక్కొక్కటే సినిమాలోకి వచ్చాయి. వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద కోపం ఎందుకు అని అడిగే ఆ సినిమా 2003లో వచ్చింది. 2005లో మూడేళ్ల అనుభవం మీద మరొకటి తీశారు. 2007 నాటికి మాలి, దక్షిణాఫ్రికా, ఇండోనేషియా వంటి దేశాల పత్తి రైతులను పలకరించి ఇంకొకటి. ఒకప్పుడు జహీరాబాద్ మండలం దాటని వాళ్లు ఆఫ్రికా చేలల్లో ట్రైపాడ్ నిలబెట్టారు.

ఆ సినిమాల బలం ప్రశ్నలు అడిగే తీరులో ఉంది. పట్నం విలేకరి రైతును దిగుబడి ఎంత అని అడుగుతాడు. ఎకరంలో ఇరవై రకాలు కలిపి పండించే ఆడమనిషి పక్కన జొన్న వేశావా, పశువులకు ఏం పెట్టావు, విత్తనం ఎవరి దగ్గర అప్పు తెచ్చావు అని అడగగలదు. ఎదుటివాడు రైతు, కెమెరా వెనక ఉన్నదీ రైతే. ఇద్దరూ ఒకే ఎత్తులో ఉన్నప్పుడు జవాబు తగ్గించి చెప్పడానికీ పెంచి చెప్పడానికీ పెద్దగా చోటుండదు. సంఘం షాట్ కెమెరా కాళ్ల ఎత్తు దగ్గరే ఆగిపోలేదు, ప్రశ్న దాకా వచ్చింది.

మెచ్చుకుంటూ దాచకూడని సంగతీ ఉంది. ఈ సినిమాలు ఒక పక్షం వైపు నిలబడి తీసినవి. విత్తన కంపెనీ వాదం వాటిలో పల్చగానే వినిపిస్తుంది. 2005లో కేంద్ర కమిటీ మొదటి మూడు బీటీ రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. కానీ తర్వాతి ఏళ్లలో కొత్త రకాలతో దేశంలోని పత్తి చేలల్లో తొంభై శాతం పైగా బీటీయే అయింది. రైతు తుది తీర్పు ఈ సినిమాలు కోరుకున్నట్టు రాలేదు. అయినా మొదటి ఏడాది ఒక చిన్న రైతు ఏం చూశాడో, ఏం పోగొట్టుకున్నాడో తెలుసుకోవాలంటే ఇవి పనికొచ్చినట్టు ఏ కమిటీ నివేదికా పనికిరాదు. పక్షం ఉన్నా పని గట్టిది.

ఇక ఈ సంఘాల రేడియో కథలో పనితనంతో పాటు ఓపిక కూడా ఉంది. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు రాసినవారిలో జస్టిస్ పి.బి.సావంత్ ఒకరు. 1990ల చివరికే యునెస్కో సాయంతో సొసైటీకి పరికరాలు వచ్చాయి, రికార్డింగులు మొదలయ్యాయి. లైసెన్సు లేదు. 2000 జూలైలో కమ్యూనిటీ రేడియో కోరేవాళ్లు సమావేశమై పస్తాపూర్ పేరుతోనే ఒక తీర్మానం చేశారు. 2002 డిసెంబరులో ప్రభుత్వం విద్యాసంస్థలకు మాత్రం తలుపు తీసింది. స్వచ్ఛంద సంస్థలకు 2006 నవంబరులో గానీ తీయలేదు. ఈ ఏళ్లన్నీ సంఘాల వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. వందల గంటల కార్యక్రమాలు క్యాసెట్లలో నింపి, సంఘం మీటింగుల్లో వినిపించారు. నాకైతే అది శాపంలా వచ్చిన వరమనిపిస్తుంది. వినేవాళ్ల ముందే కూర్చుని తన కార్యక్రమాన్ని వినిపించుకునే అవకాశం ఏ ఆకాశవాణి ఉద్యోగికి దొరుకుతుంది? ఎక్కడ ఆవులించారో, ఎక్కడ నవ్వారో, ఎక్కడ కాదని తలూపారో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

2008 అక్టోబరు 15న మాచ్నూర్‌లో సంఘం రేడియో మొదలైంది. ప్రారంభించింది ఆ జస్టిస్ సావంతే. 90.4 మెగాహెర్ట్జ్, చుట్టూ పాతిక కిలోమీటర్ల మేర. నడిపింది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. పదో తరగతి దాకా చదివిన దళిత యువతులుగా ఆ మైకు ముందు కూర్చున్నారు. ప్రసారం రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా. ఆ రెండు గంటలే ఎందుకంటే, కూలి నుంచి వచ్చి పొయ్యి వెలిగించిన ఆడమనిషికి చెవులు ఖాళీగా ఉండేది అప్పుడే. భాష కన్నడ, ఉర్దూ కలిసిన జహీరాబాద్ తెలుగు. దాన్ని స్టూడియో భాషలోకి దిద్దలేదు. విత్తనాల ముచ్చట విత్తే కాలంలో, పండుగ పాట పండుగ కాలంలో వస్తుంది. మైకు ముందు నిన్న విన్నవాళ్లే ఇవాళ మాట్లాడతారు.

సంక్రాంతి వేళ మొదలై నెల రోజుల పాటు సాగే పాత పంటల జాతరను వీళ్లు రికార్డు చేసే తీరు చూస్తే మిగతా సభల వార్తలు వెలవెలబోతాయి. విత్తనాల కుండలతో అలంకరించిన ఎడ్లబండ్లు ఊరూరా తిరుగుతాయి. ప్రతి ఊర్లో అధికారులు, శాస్త్రవేత్తలు, రైతులు కూర్చుని మాట్లాడతారు. తిరుగుతూ సాగే సదస్సు అది. దాని విలేకరులు అందులోని వాళ్లే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానో తెలియాలంటే, జహీరాబాద్ నుంచి ముంబై హైవే మీద హైదరాబాద్ వైపు రండి. సదాశివపేట దాటి సంగారెడ్డి, కందిలో ఐఐటీ, రుద్రారం, ఇస్నాపూర్ ఫ్యాక్టరీలు, పటాన్‌చెరులో 1972 నాటి ఇక్రిశాట్. ఈ దారి పొడుగునా ఏడాది పొడుగునా సదస్సులే. విద్యలో సాంకేతికత మీద, వ్యవసాయంలో డిజిటల్ విప్లవం మీద. వాటిని ఫోన్లతో తీసి పెట్టే బాధ్యత కాలేజీ పిల్లలది. వాళ్ల చేతిలోని ఫోను పస్తాపూర్ మొదటి కెమెరా కన్నా ఎన్నో రెట్లు మేలైనది. కానీ వీడియో చూడండి: జ్యోతి ప్రజ్వలన, శాలువా, జ్ఞాపిక, వేదిక మీద పెద్దలు. అన్నీ కింది నుంచి పైకి తీసినవే. చివరి వరసలో కూర్చున్న టీచరమ్మ ఆ కొత్త యాప్ తన బడిలో పనిచేస్తుందా అని ఏమనుకుందో ఎక్కడా రాదు.

సతీష్ 2023 మార్చి 19న కన్నుమూశారు. ఆయన నేర్పిన పని ఆ ప్రాంతంలోనే ఉంది. ఈ బెల్టులో మీడియా క్లబ్ నడిపే విద్యార్థులకు, వాళ్లను నడిపించే అధ్యాపకులకు ఒక మనవి. తర్వాతి సదస్సుకు ముందు ఒక సాయంత్రం జహీరాబాద్ బస్సెక్కి మాచ్నూర్ పోయి రండి. ఆ రాత్రి కార్యక్రమం వినండి, వాళ్లు కెమెరా ఏ ఎత్తులో పెడతారో అడిగి తెలుసుకోండి. వచ్చాక మీ సదస్సును చివరి వరస నుంచి తీయడం మొదలుపెట్టండి.