ఒక బిడ్డ, నాలుగు పేర్లు

మా చిత్తూరు పక్క పసిబిడ్డకు ఫిట్స్ వస్తే మొదట తిరుపతి రుయాకో స్విమ్స్‌కో ఎత్తుకుపోతారు, ఆనక రాయవేలూరు సీఎంసీకి. ఆసుపత్రి మారినప్పుడల్లా ఫైలులో ఇంకో పేరు చేరుతుంది. మా చెల్లెలి కొడుకు ఫైలులో నాలుగు చేరాయి: హెచ్‌ఐఈ, వెస్ట్ సిండ్రోమ్, డెవలప్‌మెంటల్ డిలే, చివరికి సెరిబ్రల్ పాల్సీ. "ఒక్కో డాక్టరు ఒక్కో జబ్బంటాండారక్కా, ఎవర్ని నమ్మేది?" అని ఏడ్చింది.

ఇలాంటి ఫైళ్లు చదవడం అప్పుడే నేర్చుకున్నాను. ఆ నాలుగు పేర్లూ నాలుగు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. కాన్పు వేళ మెదడుకు రక్తం, ప్రాణవాయువు చాలకపోవడం హెచ్‌ఐఈ, అది కారణం. వెస్ట్ సిండ్రోమ్ మూర్ఛలో ఒక రకం. డెవలప్‌మెంటల్ డిలే అంటే బిడ్డ వయసుకు తగ్గట్టు ఎదగలేదని. ఎందుకో అది చెప్పదు. సెరిబ్రల్ పాల్సీ కదలికల సంగతి. ఎదిగే మెదడుకు తగిలిన దెబ్బ ముదరదు గానీ, బిడ్డ పెరిగేకొద్దీ అది కనబడే తీరు మారుతుంది. ఆరో నెలలో తేల్చలేని పేరును రెండో ఏట రాయడం అందుకే. డాక్టర్లను తప్పుపట్టే పని లేదు.

ఈ నాలుగింటిలో క్షణం ఆగనిది మూర్ఛ. నిద్రలేచిన వెంటనే బిడ్డ తల వాల్చి, చేతులు చాచి, వరసబెట్టి కుదుపులతో ముడుచుకుపోతాడు. ఇంట్లో పెద్దలు ఉలికిపాటంటారు, కడుపునొప్పంటారు, దిష్టి తీస్తారు. 1841లో ఇంగ్లండు డాక్టరు వెస్ట్ ఈ కుదుపుల గురించి లాన్సెట్ పత్రికకు రాసింది సొంత కొడుకును చూసే. వైద్యం తెలిసిన తండ్రికే దారి తోచక తోటి డాక్టర్లను అడిగాడు. ఆయనకు దొరకని ఈఈజీ పరీక్ష, స్టెరాయిడ్లు, విగాబాట్రిన్ మందు ఇవాళ మనకున్నాయి. ఆలస్యమైతే మాత్రం బిడ్డ నేర్చిన నవ్వు, నిలిపిన చూపు కూడా పోగొట్టుకోవచ్చు.

అందుకే తల్లులారా, ఆ కుదుపులను సెల్‌ఫోన్‌లో వీడియో తీసి అదేరోజు చూపించండి. కొత్త పేరు రాసిన ప్రతి డాక్టరునూ అడగండి: "ఇది కారణమా, లక్షణమా? దీంతో మందు మారుతుందా?" పేర్లన్నీ తేలేదాకా ఫిజియోథెరపీ ఆపకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్లలోపు పిల్లలకు పరీక్షలు, వైద్యం ఉచితం. మీ ఊరి అంగన్‌వాడీలో అడిగితే దారి చెబుతారు.