నాస్మిత్ లేతు వ్యాసము - ఒక విమర్శ

ఇనుమును తరిమెన పట్టు లేతు యంత్రముయొక్క చరిత్రలో జేమ్స్ నాస్మిత్ వ్యాసము ప్రసిద్ధమైనది. మిల్లు యంత్రములపై బుకానన్ రచించిన గ్రంథముయొక్క 1841 నాటి ముద్రణలో అది వెలువడినది. అందలి చిత్రములో ఇద్దరు పనివారు కలరు. ఒకడు ఉలిని చేతులతో అదిమిపట్టి శ్రమపడుచుండును. రెండవవాని ఉలి స్లయిడ్ రెస్టు అను జారుడు పీఠములో బిగింపబడియుండును. అతడు పిడి త్రిప్పిన చాలును. చేతి వణకు పనిమీద పడకుండవలెనన్న ఉలిని బిగింపవలెనని ఇంత తేటగా బోధించు చిత్రము అరుదు.

ఐనను వ్యాసమున లోపములు రెండు కలవు.

మొదటిది చరిత్రకు సంబంధించినది. స్లయిడ్ రెస్టు ఘనతను నాస్మిత్ హెన్రీ మాడ్‌స్లేకు కట్టబెట్టెను. 1829లో మాడ్‌స్లే కార్ఖానాలో చేరి పని నేర్చినవానికి గురుభక్తి సహజమే. కాని ఫ్రాన్సు దేశీయుడైన వోకన్‌సన్ 18వ శతాబ్ది మధ్యకాలముననే ఇనుప పట్టాలపై మరచే జరుగు ఉలిపీఠముగల లేతును నిర్మించెను. అది నేటికిని పారిస్ మ్యూజియములో ఉన్నది.

రెండవ లోపము ఇంకను ముఖ్యమైనది. ఉలిని పట్టుట వేరు, నడుపుట వేరు. పని ఒక చుట్టు తిరుగునంతలో ఉలి జరుగు దూరమును కార్ఖానాలలో ఫీడు అందురు. చిత్రములోని రెండవ పనివాడును పిడిని చేతితోనే త్రిప్పుచున్నాడు. కనుక ఫీడు ఇంకను అతని చేతిలోనే ఉన్నది!

1800 ప్రాంతమున మాడ్‌స్లే చేసిన లేతులో ఈ పనియు యంత్రమునకే అప్పగింపబడినది. పనిని త్రిప్పు స్పిండిలును, ఉలిని నడుపు లీడ్ స్క్రూను పండ్లచక్రములు కలుపును. స్పిండిలుపై 20 పండ్ల చక్రము, లీడ్ స్క్రూపై 40 పండ్ల చక్రము ఉన్నవనుకొందము. స్పిండిలు ఒక చుట్టు తిరిగిన లీడ్ స్క్రూ అరచుట్టు తిరుగును. దాని మరలు అంగుళమునకు 4 ఐనచో ఉలి 1/8 అంగుళము జరుగును. పనిమీద అంగుళమునకు 8 మరలు పడును. చక్రములను మార్చిన మర మారును. మాడ్‌స్లేకు ముందే ఇట్టి యత్నములు జరిగినను, దానిని దృఢమైన లోహయంత్రముగా కార్ఖానాకు అలవాటు చేసిన కీర్తి అతనిదే.

ఐతే లీడ్ స్క్రూలోని దోషము ప్రతి పనిమీదను అచ్చు పడును. అందుచే నేర్పు మాయము కాలేదు. లేతు నడుపువాని చేతినుండి లీడ్ స్క్రూ చేసినవాని చేతికి తరలినది. నిర్దుష్టమైన మరలకై మాడ్‌స్లే అంతగా పాటుపడుటకు కారణమిదే.

ఈ చిత్రమును తరగతిలో చూపు ఉపాధ్యాయులు "ఉలిని పట్టినదేది?" అని మాత్రమే అడిగి ఊరకుండరాదు. "దానిని నడుపునదేది?" అనియు అడుగవలెను.