ఒక రాత్రి డ్యూటీ: ‘హెల్ప్’ సినిమా గురించి

వృద్ధాశ్రమం అనగానే మన కథల్లో, సినిమాల్లో తరచూ కనపడేది ఒకటే బొమ్మ: విదేశంలో కొడుకు, గేటు దగ్గర ఎదురుచూసే తల్లి. ఆ తల్లికి స్నానం చేయించేదెవరు? తడిసిన దుప్పటి మార్చేదెవరు? ఆ మనిషికి మనం పేరు కూడా పెట్టం. 2021లో బ్రిటన్‌లో చానెల్ 4లో వచ్చిన ‘హెల్ప్’ నాకు నచ్చడానికి మొదటి కారణం, అది కెమెరాని ఆ మనిషి వైపు తిప్పడం. రచన జాక్ థోర్న్, దర్శకత్వం మార్క్ మండెన్.

సారా (జోడీ కోమర్) లివర్‌పూల్ అమ్మాయి. స్కూల్లో దేనికీ పనికిరాదనిపించుకుని, ఒక కేర్ హోమ్‌లో పనికి కుదురుతుంది. అక్కడుండే టోనీకి (స్టీఫెన్ గ్రాహమ్) యాభై కూడా రాలేదు, అప్పుడే అల్జైమర్స్. అమ్మ దగ్గరికి వెళ్తానని బయటికి వెళ్లిపోతుంటాడు. అమ్మ ఎప్పుడో పోయింది. అలాంటి మనిషికి ఎప్పుడు నిజం చెప్పాలి, ఎప్పుడు మాట మార్చాలి, ఎప్పుడు ఊరికే పక్కన నడవాలి? సారా ఇదంతా చూసి చూసి నేర్చుకుంటుంది. ఇది జాలి కాదు, పనితనం. సినిమా మొదటి సగం ఈ తేడాని ఎక్కడా ఉపన్యాసం లేకుండా చూపిస్తుంది.

తర్వాత 2020 మార్చి. ఆసుపత్రుల్లో మంచాలు ఖాళీ చేయడానికి పేషెంట్లని టెస్టు చేయకుండానే కేర్ హోమ్‌లకి పంపేసిన రోజులు. (అది చట్టవిరుద్ధమని 2022 ఏప్రిల్‌లో హైకోర్టు తేల్చింది.) తోటివాళ్లు జబ్బుపడి, ఒక రాత్రి సారా ఒక్కతే డ్యూటీలో మిగులుతుంది. కెన్నీ అనే ఆయనకి ఊపిరి అందట్లేదు. ఇరవై నిమిషాలకి పైగా, కట్ లేకుండా సాగే సన్నివేశం అది. ఫోన్ చేస్తుంది, లైన్లో ఉండమంటారు. మళ్లీ చేస్తుంది. అంబులెన్స్ రాదు. చివరికి కెన్నీని బోర్లా తిప్పడానికి టోనీని నిద్రలేపి సాయం అడుగుతుంది.

నా ఉద్యోగంలోనూ ఆన్‌కాల్ ఉంటుంది. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే నా పైన ఒకడు, వాడి పైన ఇంకొకడు ఉంటారు, ఎవరో ఒకరు ఫోన్ ఎత్తుతారు. ఆ భరోసా మీదే నా ధైర్యం నడుస్తుంది. సారాకి పైన ఎవరూ లేరు. కట్ లేకపోవడం ఇక్కడ టెక్నిక్ గొప్ప కోసం కాదు. కట్ అంటే విరామం, ఆమెకి దొరకనిది అదే. ఇంగ్లండ్, వేల్స్‌లో 2020 మార్చి నుంచి జూన్ మధ్య వరకు 19,394 మంది కేర్ హోమ్ వాసులు కోవిడ్‌తో పోయారని అధికారిక లెక్క. ఈ సన్నివేశం చూశాక ఆ అంకెలో రాత్రులు కూడా కనపడతాయి.

చివరి భాగంతోనే నాకు పేచీ. మత్తుమందులతో మొద్దుబారిపోతున్న టోనీని సారా రహస్యంగా బయటికి తీసుకుపోతుంది. ఆఖర్న కెమెరావైపు తిరిగి మనతో మాట్లాడుతుంది. ఆ కోపం న్యాయమైనదే. కానీ అక్కడ సారా హీరోయిన్ అయిపోతుంది. హీరోయిన్‌కి చప్పట్లు సరిపోతాయి, పనిమనిషికి జీతం కావాలి, తోడు ఇంకొకరు డ్యూటీలో కావాలి. రాత్రి సన్నివేశం అడిగింది ఈ రెండోదాన్నే.

చదువుకోవడానికి బ్రిటన్ వెళ్లి, కేర్ హోమ్‌లో షిఫ్టులు చేసే మనవాళ్లున్నారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ‘పార్ట్‌టైమ్’ అని ఊరుకుంటారు. మనుషులు చాలక 2022లో కేర్ వర్కర్లకి వీసా తలుపులు బార్లా తీసిన ఆ దేశమే, నైపుణ్యం స్థాయి చాలదంటూ 2025 జులైలో విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడం ఆపేసింది. నైపుణ్యం చాలదట. ఆ మాట అన్నవాళ్లకి ఈ సినిమాలోని ఆ ఒక్క రాత్రి చూపిస్తే చాలు.