పదును ఎక్కడ ఆపాలి? బ్రూస్ ఫ్రేజర్ మూడు దశల పద్ధతిపై విమర్శ

డిజిటల్ ఫోటోకు పదును పెట్టడం గురించి ఇప్పుడు మనకు దొరికే పాఠాలలో చాలావాటి వెనుక ఒక పుస్తకం నీడ ఉంటుంది. అది ఫోటోషాప్ నిపుణుడు బ్రూస్ ఫ్రేజర్ 2006లో వెలువరించిన ‘రియల్ వరల్డ్ ఇమేజ్ షార్పెనింగ్’. పనంతా అయ్యాక చివర్లో ఒకేసారి, కంటికి నచ్చినంత పదును పెట్టే అలవాటును ఆయన తోసిపుచ్చి, ఆ పనిని మూడు దశలుగా విడదీశారు. కెమెరా లేదా స్కానర్ వల్ల వచ్చిన మెత్తదనాన్ని సరిచేయడం మొదటి దశ. బొమ్మలో ఏది ప్రస్ఫుటంగా కనిపించాలో నిర్ణయించడం రెండవది. దీన్నే ‘సృజనాత్మక’ దశ అన్నారు. ముద్రణకో తెరకో తగినట్టు తుది మెరుగు దిద్దడం మూడవది. ఈ పాఠ్యభాగంలో మనం ఈ పద్ధతిని నేర్చుకోవడంతో ఆగకుండా, దాని విలువ ఎంత, అది ఎక్కడ చాలదు అన్నది పరిశీలిద్దాం.

పదును పెట్టినప్పుడు నిజంగా జరిగేదేమిటి?

ముందుగా ఒక అపోహను వదిలించుకోవాలి. పదును పెడితే ఫోటోలో లేని వివరం పుట్టదు. ఒక అంచుకు ఇటువైపు పిక్సెల్ విలువ 100, అటువైపు 150 అనుకోండి. పదును పెట్టిన తర్వాత అంచును ఆనుకుని ఉన్న చీకటి వైపు విలువ 90కి దిగుతుంది, వెలుగు వైపు 160కి పెరుగుతుంది. తేడా 50 నుంచి 70 అయింది, అంతే. అంచుకు దూరంగా ఉన్న పిక్సెళ్లు మారవు. మన కన్ను మాత్రం ‘ఇది స్పష్టంగా ఉంది’ అంటుంది. ఎందుకంటే కన్ను కూడా స్వతహాగా అంచుల దగ్గర తేడాను పెంచి చూస్తుంది. ఎర్నెస్ట్ మాక్ ఈ సంగతిని 1865లోనే వర్ణించాడు. సాఫ్ట్‌వేర్ మన కంటి బలహీనతను వాడుకుంటోందని చెప్పినా తప్పులేదు.

‘అన్‌షార్ప్ మాస్క్’ అనే పేరు విద్యార్థులను తికమక పెడుతుంది. పదును పెట్టే సాధనానికి పదును లేనిదన్న పేరేమిటి? ఇది డార్క్‌రూమ్ కాలపు మాట. గాజు నెగెటివ్ నుంచి కావాలనే కొంచెం మసకగా ఒక పలుచని పాజిటివ్ తీసి, రెండింటినీ జతగా పెట్టి ప్రింటు వేసేవారు. మసక పాజిటివ్ పెద్ద పెద్ద వెలుగునీడల తేడాను అణచివేయడంతో సన్నని వివరాలు పైకి తేలేవి. ఖగోళ ఛాయాగ్రాహకుడు డేవిడ్ మాలిన్ ఈ పద్ధతితోనే ఆంగ్లో-ఆస్ట్రేలియన్ అబ్జర్వేటరీ ఫలకాల నుంచి పాలపుంతల అంచుల్లోని సన్నని ఆకృతులను బయటికి తీశాడు. అక్కడ ఆ వివరం ఫలకంలో ముందే ఉంది. అది కనిపించేలా చేశారు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. మన విమర్శ అంతా దీని మీదే నడుస్తుంది.

మొదటి దశ, మూడవ దశ

మొదటి దశకు ఫ్రేజర్ చూపిన కారణం గట్టిది. సాధారణ డిజిటల్ కెమెరా సెన్సర్‌లో ఒక్కొక్క పిక్సెల్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులలో ఒక్కదాన్నే కొలుస్తుంది. మిగతా రెండు రంగులను పక్క పిక్సెళ్లను చూసి లెక్కగట్టి నింపుతారు. ఈ లెక్కలోనే కొంత మెత్తదనం వచ్చి చేరుతుంది. చాలా కెమెరాల్లో సెన్సర్ ముందు ఉండే మసకబరిచే ఫిల్టర్ మరికొంత కలుపుతుంది. దాన్ని సరిచేయడం న్యాయమే.

అయితే ఈ వాదన రా ఫైలు చేతిలో ఉన్నవారికి వర్తిస్తుంది. ఈ పుస్తకం చదువుతున్న మీలో ఎక్కువమంది దగ్గర ఉండేది సెల్‌ఫోన్ ఫోటో. ఫోన్ తన లోపలే పదును పెట్టేసి, జేపెగ్‌గా కుదించి ఇస్తుంది. అది వాట్సాప్‌లో ప్రయాణించి మరోసారి కుదించుకుపోతుంది. అటువంటి ఫోటోకు మొదటి దశ పదును పెడితే కనిపించేది వివరం కాదు, జేపెగ్ కుదింపు మిగిల్చిన 8×8 పిక్సెళ్ల గళ్లు. ఫ్రేజర్ తన కాలపు పాఠకుడిని ఉద్దేశించి రాశారు కనుక ఆయనను తప్పుపట్టలేం. ఆయన మాటను ఈ రోజుకు యథాతథంగా దించేస్తున్న పాఠాలను మాత్రం తప్పుపట్టవచ్చు.

మూడవ దశ విషయంలో ఆయనకు పూర్తి మార్కులు వేయాలి. 2 పిక్సెళ్ల వెడల్పున్న అంచు 300 డీపీఐ ముద్రణలో అంగుళంలో 150వ వంతు. చేతిలో పట్టుకుని చూసేవారికి అది గీతలా కనిపించదు, స్పష్టతలా అనిపిస్తుంది. అదే ఫోటోను తెరపై 100 శాతం సైజులో చూస్తే తెల్లటి గీత కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దినపత్రిక కాగితం సిరాను పీల్చుకుని చుక్కలను వ్యాపింపజేస్తుంది. దానికి మరింత పదును కావాలి. కూడలిలో కట్టే ఫ్లెక్సీని రోడ్డు అవతలి నుంచి చూస్తారు. దాని లెక్క వేరు. అంటే తెర మీద బాగుందా లేదా అన్న ఒక్క పరీక్షతో ముద్రణకు పదును నిర్ణయించలేం. ఈ మాటను ఇంత స్పష్టంగా చెప్పడమే ఆ పుస్తకం చేసిన పెద్ద మేలు.

ముఖాల దగ్గర లోటు

మధ్య దశ దగ్గరే చిక్కు. మిగతా రెండింటికి ఉన్నంత కొలత దీనికి లేదు. బ్రష్, లేయర్, మాస్క్ ఎలా వాడాలో చెప్పవచ్చు. ఎవరి ముఖానికి ఎంత అన్నది మాత్రం చేసేవారి అభిరుచికే వదిలేయాల్సి వస్తుంది. అభిరుచి ఎప్పుడూ ఒంటరిగా రాదు. లోకం చూపును వెంటబెట్టుకుని వస్తుంది.

మన ఫోటో స్టూడియోలనూ, ఫోటో ప్రదర్శనలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పెళ్లికూతురు ముఖంపై పదును ఉండదు. చర్మాన్ని నున్నగా చేసి, కళ్లకూ నగలకూ మాత్రమే పదును పెడతారు. ఫ్లెక్సీ మీది నాయకుడికీ అదే మర్యాద. ప్రదర్శనలో ముసలి రైతుకో, ఇటుకబట్టీ కూలీకో, లంబాడీ అవ్వకో మాత్రం ముఖమంతా పదును పట్టించి, ప్రతి ముడతనూ ఎండిన చెరువు నెర్రెలా చేస్తారు. ‘కష్టజీవి’ అని శీర్షిక పెడతారు. ఆ ముఖం మీద ఆ ముడతలు ఉన్నమాట నిజమే. కానీ మన ఉదాహరణలోని 100, 150లను గుర్తుచేసుకోండి. ఆమె ముఖంలోని తేడా 50. మనం చూపించింది 70. ఆ అదనపు 20 ఆమెది కాదు, మనం వేసింది. పెళ్లికూతురి దగ్గర తీసివేశాం, అవ్వ దగ్గర కలిపాం. రెండు చోట్లా సాధనం ఒకటే, దాన్ని ఎటు తిప్పాలో నిర్ణయించింది ఆ మనుషుల హోదా. దీన్ని ‘సృజనాత్మకం’ అని పిలిచి ఊరుకుంటే విమర్శకు పని ఉండదు.

ఇలా అంటే మసకే నిజాయితీ అని అర్థం కాదు. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో రాబర్ట్ కాపా తీసిన ఫోటోలలో సైనికుడి ముఖం కదిలిపోయి ఉంటుంది. ఆ కదలికలో ఆ ఉదయం ఉంది. దానికి పదును పెట్టి ముఖాన్ని తేల్చాలనుకోవడం అవివేకం. కానీ గుర్తింపు కార్డు కోసం తీసిన ఫోటోలో అదే మసకను సమర్థించలేం. ఫోటో చేయాల్సిన పనేమిటో తెలియకుండా దాని పదును సరిపోయిందా లేదా అని తేల్చలేం.

ఫ్రేజర్ చూడని నాలుగవ దశ

2006 చివర్లో ఫ్రేజర్ మరణించారు. ఆ తర్వాత వచ్చిన కృత్రిమ మేధ సాధనాలు అంచుల తేడాను పెంచడంతో ఆగవు, లేని పిక్సెళ్లను ఊహించి గీస్తాయి. 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకుల ‘పల్స్’ అనే సాధనానికి ఒబామా ఫోటోను బాగా మసకబరిచి ఇస్తే, అది స్పష్టమైన ఒక తెల్లవాడి ముఖాన్ని తిరిగి ఇచ్చింది. ముఖం ఎంతో పదునుగా ఉంది. మనిషే వేరు.

ఇది దూరదేశపు వింత కాదు. పెద్దకర్మకు పటం కట్టించడానికి మన ఇళ్లలో దొరికేది తరచుగా ఒక రేషన్ కార్డు ఫోటోనో, పెళ్లి గుంపులో గోరంత ముఖమో. స్టూడియోలో దాన్ని పెద్దది చేసి, సాధనం గీసిన కనురెప్పలతో, పెదవులతో పటం కట్టి ఇస్తే ఇంట్లోవాళ్లు దండం పెట్టుకుంటారు. తాతను చూడని మనవడికి ఇక ఆయన ముఖం అదే. ఇటువంటి పనికి పూనుకునేవారు మసక మూలప్రతిని కూడా చిన్నదిగా పటం వెనుక అతికించి ఇవ్వాలని నా అభిప్రాయం. ఖర్చు పది రూపాయలు దాటదు.

మీరు చేయవలసిన పని

మీ ఇంట్లో ఇద్దరిని, ఒక పెద్దవారినీ ఒక చిన్నవారినీ, ఒకే కిటికీ వెలుగులో ఫోటో తీయండి. రెండింటికీ అమౌంట్, రేడియస్, థ్రెషోల్డ్ ఒకే విలువల్లో ఉంచి పదును పెట్టండి. రెండు ప్రింట్లు తీయించి వాటిని ఆ ఇద్దరికే చూపించి, వారు ఏమన్నారో ఒక పేజీలో రాసి మీ అధ్యయన కేంద్రంలో తరగతి రోజున చదవండి.