జారే వేలు

సి మెట్టును షడ్జం అనుకుంటే, పియానోలో సాధారణ గాంధారం నల్ల మెట్టు, అంతర గాంధారం దాన్ని ఆనుకున్న తెల్ల మెట్టు. బ్లూస్ వాయించేవాళ్లు నల్లదాన్ని నొక్కీ నొక్కగానే అదే వేలిని తెల్లదాని మీదికి జారవిడుస్తారు. గాయకుడైతే ఆ రెంటి మధ్య ఎక్కడో గొంతు నిలుపుతాడు. గిటారిస్టు తీగ లాగుతాడు. పియానోలో ఆ మధ్య చోటే లేదు. గమకం పలకలేని హార్మోనియం పడే ఇబ్బందే ఇదీను. ఈ జారుడు చెవికి వేసే టోపీ.

బాఖ్, మొజార్ట్ మీద పదేళ్లు సాధన చేసిన చేతికి ఇది మింగుడుపడదు. అక్కడ పక్క మెట్టు తగిలితే తప్పు. ఇక్కడ ఆ తప్పులోనే పాట ఉంది. పైగా జారుడు నల్ల నుంచి తెల్లకే కుదురుతుంది. గిటారిస్టులకు ప్రాణమైన ఇ శ్రుతిలో వరస తిరగబడి తెల్ల నుంచి నల్లకు ఎక్కాలి. అప్పుడు రెండు వేళ్లు వాడక తప్పదు.

బ్లూస్ చట్రం చిన్నదే. పన్నెండు బార్లు: నాలుగు షడ్జం కార్డు మీద, రెండు మధ్యమం మీద, మళ్లీ రెండు షడ్జం, ఒకటి పంచమం, ఒకటి మధ్యమం, చివరి రెండూ షడ్జం. గంటలో నోటికొస్తుంది. రానిది నడక. కాగితం మీద సమానంగా రాసిన రెండు స్వరాలను తిశ్రంలో పలికించాలి: తకిటలో 'తకి' మొదటిదానికి, 'ట' రెండోదానికి. లెక్కపెట్టి వాయించేవాళ్లు రెండు బార్లలోనే దొరికిపోతారు. ఇంకో చిక్కు కైశికి నిషాదం. షడ్జం కార్డులో దాన్ని కలిపితే, శాస్త్రీయ శిక్షణ పొందిన చెవి మధ్యమం కార్డుకు పరుగెడుతుంది. బ్లూస్ దాని మీదే కాపురం పెడుతుంది.

టెక్సాస్, లూసియానా కలప క్యాంపుల సారా కొట్లలో పెరిగిన విద్య ఈ బ్లూస్ పియానో. అక్కడ ఎడమచెయ్యే డ్రమ్ము.

బాఖ్‌నూ దీన్నీ ఒకే చేతిలో కలిపిన మనిషి ఒకామె ఉంది. నార్త్ కరోలినాలోని ట్రయాన్‌లో 1933లో పుట్టిన యూనిస్ వేమన్ బాఖ్ మీద పెరిగింది. 1951లో ఫిలడెల్ఫియా కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ ఆమెను చేర్చుకోలేదు. నల్లపిల్లను కావడమే కారణమని ఆమె జీవితాంతం నమ్మింది. 1954లో అట్లాంటిక్ సిటీ బార్లో పియానో వాయించే పనికి కుదిరితే, పాడితేనే ఉద్యోగమన్నాడు యజమాని. తల్లి మెథడిస్టు ప్రచారకురాలు, ఆమె దృష్టిలో బార్లో వాయించేది సైతాను సంగీతం. అందుకని ఆమెకు తెలియకుండా కూతురు పేరు మార్చుకుంది: నీనా సిమోన్.

ఆమె తొలి ఆల్బమ్‌లో 'లవ్ మీ ఆర్ లీవ్ మీ' వినండి. పాట నడుమ రెండు చేతులూ అచ్చం బాఖ్ పద్ధతిలో ఒకదాన్నొకటి తరుముకుంటాయి. కింద డ్రమ్ము తన ఊపు తాను ఊగుతూనే ఉంటుంది.