లింకు తెగిన సమీక్ష

కొత్తగా వెబ్ పత్రిక పెడదామనుకునే మిత్రులు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. ఏ థీమ్ తీసుకోవాలి? ఏ ఫాంటు బావుంటుంది? హోస్టింగ్‌కి ఏడాదికి ఎంతవుతుంది? అన్నీ అవసరమే. ఈ కథ పదేళ్ళ తర్వాత కూడా ఇదే చిరునామాలో ఉంటుందా అని అడిగినవాళ్ళు మాత్రం నాకింతవరకూ తగల్లేదు. అది టెక్నికల్ విషయమని పక్కన పెట్టేస్తాం. నాకైతే అది విమర్శకు సంబంధించిన విషయం.

కొన్నేళ్ళ కిందట ఒక చిన్న వెబ్ పత్రికలో ఓ కుర్ర కవి మొదటి సంపుటి మీద వ్యాసం రాశాను. ఆ పుస్తకం మీద వచ్చిన వ్యాసం అదొక్కటే. మురిసిపోయి తన రెండో పుస్తకం వెనక అట్ట మీద ఆ లింకు అచ్చు వేయించుకున్నాడు. తర్వాత పత్రిక ఆగింది. డొమైన్ పేరు సంపాదకుడి పాత మెయిల్ మీద ఉంది, ఆయన ఆ మెయిల్ తెరవడం మానేశాడు. రెన్యూవల్ హెచ్చరికలన్నీ అక్కడికే వెళ్ళాయి. నిజానికి డాట్ కామ్ పేరు గడువు దాటిన రోజే చేజారదు. రిజిస్ట్రార్ కొంత వ్యవధి ఇస్తాడు, పేరు రద్దయ్యాక కూడా ఎక్కువ డబ్బు కట్టి వెనక్కి తెచ్చుకోడానికి 30 రోజులుంటాయి, ఆపైన మరో 5 రోజులకు గానీ అది బజార్న పడదు. ఇన్ని మెట్లలో ఎక్కడా ఎవరూ చూసుకోలేదు. ఇప్పుడు ఆ అట్ట మీది చిరునామా కొడితే రమ్మీ ఆట తెరుచుకుంటుంది.

వ్యాసం వర్డ్ ఫైలు నా దగ్గరుంది. పోయింది దాని కింద జరిగిన చర్చ. ఒక పెద్దాయన నాతో విభేదిస్తూ రాసిన నాలుగు పేరాలు నా వ్యాసం కంటే బావుండేవి. వేబ్యాక్ మెషీన్‌లో వెతికితే పత్రిక ముఖపేజీ దొరికింది, ఆ పేజీ దొరకలేదు.

1924లో మొదలైన ‘భారతి’ కూడా ఆగిపోయిన పత్రికే. అయినా పాత సంచిక కావాలంటే ఏదో ఒక లైబ్రరీలో, ఎవరింటి అటక మీదో ఓ ప్రతి ఉంటుందన్న ఆశ ఉంది. వెబ్ పత్రికకు సాధారణంగా ఉండేది ఒకే ప్రతి. బ్యాకప్ అంటే ఇక్కడ అటక మీది ప్రతి అన్నమాట. అది కూడా డేటాబేసు, బొమ్మల ఫోల్డరు రెండూ కలిపి, ఆ హోస్టింగ్‌కి బయట ఎక్కడో ఉండాలి.

సైటు బతికున్నా లింకు చావచ్చు. వర్డ్‌ప్రెస్‌లో తెలుగు శీర్షిక పెడితే చిరునామా కూడా తెలుగులోనే తయారవుతుంది, చూడ్డానికి ముచ్చటేస్తుంది. లోపల మాత్రం ప్రతి గుర్తూ పర్సంటులతో కలిపి 9 అక్షరాలవుతుంది. వత్తులు, గుణింతాలు వేరే లెక్క. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికి 54! మొత్తం హద్దు 200. అంటే కాస్త పొడుగు శీర్షికైతే మాట మధ్యలోనే తెగుతుంది. దాన్ని చూసి విసుగొచ్చి సంపాదకుడు సెట్టింగులు మారుస్తాడు. ఇక ఫేస్‌బుక్‌లో పంచుకున్నవీ, వ్యాసాల్లో ఉటంకించినవీ, పాత లింకుల్లో చాలావాటికి 404 వస్తుంది. ఆ మార్చేదేదో మార్చి, పాత చిరునామా నుంచి కొత్తదానికి 301 దారి వేస్తే సరిపోయేది. ఒక సాయంత్రం పని. మన సంపాదకులు ఒక్క అచ్చుతప్పు దొర్లితే నొచ్చుకుంటారు, వంద లింకులు తెగితే వాళ్ళకు తెలియనే తెలియదు.

అన్నీ ఇలాగే లేవు. 1998లో మొదలైన ‘ఈమాట’ పాత సంచికలు ఇవాళ్టికీ తెరిచి చదువుకోగలుగుతున్నాం. దాని వెనక ఎవరో కూర్చుని చేసిన చాకిరీ ఉంటుంది. ఆ చాకిరీని సంపాదకత్వంలో భాగంగా మనం ఎప్పుడూ మెచ్చుకోలేదు. రూపం గురించీ శిల్పం గురించీ పేజీలకు పేజీలు రాసే మనం!

మొన్న ఆ కవి ఫోన్ చేశాడు. మూడో పుస్తకం వస్తోందట. ఈసారి లింకు వద్దు, పత్రిక పేరు, నెల, సంవత్సరం వేయించు అన్నాను.

“ఆ పత్రికే లేదు కదన్నా, ఎవరైనా అడిగితే ఏం చూపించను?” అన్నాడు.

వర్డ్ ఫైలు పంపాను.