ఇంద్రావతి గట్టుకో నోటుబుక్కు

చీకటి విడకముందే చెట్టు మొదట్లో కూర్చుని, కంటికి ఏదీ ఆనకముందే చెవితో అడవిని చదివేవాళ్లను చూశాను. టుక్కుటుక్కుమంటే కంసాలిపిట్ట. బుంగలో ఊదినట్టుంటే జెముడుకాకి. జీతం లేదు, పట్టా లేదు. ఉన్నదల్లా ఒక బైనాక్యులర్, ఒక నోటుబుక్కు. పని మాత్రం ఎంత కచ్చితం! వేళ, చోటు, ఎంతసేపు చూశారు, ఏ పిట్టలు ఎన్ని, అన్నీ రాస్తారు. గుర్తు దొరకనిదాన్ని ‘తెలియదు’ అనే రాస్తారు. అపురూపమైనవాటిని ఏరుకోరు, కాకినీ లెక్కపెడతారు. రోజూ కాకిని రాసినవాడికే కాకులు తగ్గిన సంగతి తెలుస్తుంది.

మన పక్షిశాస్త్రానికి పునాది వేసింది ఇలాంటివాళ్లే. కలివికోడిని 1848లో శాస్త్రలోకానికి ఎరుకపరిచిన జెర్డాన్ వృత్తికి సైనిక వైద్యుడు. 1900 తర్వాత అది కనబడక, అంతరించిందనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతుంటే, 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర రాత్రివేళ దాన్ని పట్టి చూపినవాడు ఐతన్న, ఆ ఊరి వేటగాడు. ఆ కంటికి ఏ పట్టా సాటి వస్తుంది?

ఇక అడవి పగిడికంటె అనే గుడ్లగూబ కథ. 1872లో నేటి ఛత్తీస్‌గఢ్‌లోని ఫుల్‌ఝర్ ప్రాంతంలో దొరికింది. మరుసటి ఏడు దానికి శాస్త్రీయ నామం పెట్టిన హ్యూమ్ పరిపాలనాధికారి, పక్షులంటే ప్రాణం. 1884 తర్వాత దాని జాడ లేదు. మైనర్ట్‌జ్‌హాగెన్ అనే సైనికాధికారి మరొకరి నమూనాను దొంగిలించి, 1914లో గుజరాత్‌లో తానే సేకరించానని చీటీ కట్టాడు. ఆ దొంగచీటీని నమ్మినవాళ్లు లేనిచోట వెతికారు. పామెలా రాస్ముసెన్ మ్యూజియం నమూనాలను పరిశీలించి మోసాన్ని పట్టేశారు. 1997 నవంబరులో బెన్ కింగ్, డేవిడ్ అబ్బాట్‌లతో కలిసి మహారాష్ట్రలోని షాహాదా దగ్గర ఆ పిట్టను కళ్లారా చూశారు. 113 ఏళ్ల తర్వాత!

అందుకే ఇప్పటి దొంగచీటీలను చూస్తే ఒళ్లు మండుతుంది. ఫోనులో కూత మోగించి గూటి మీది తల్లిని లేపి ఫొటో తీసేవాళ్లు, పక్కవాడు చూసినదాన్ని తన జాబితాలో వేసుకునేవాళ్లు తయారయ్యారు. దసరాకు దర్శనం పేరిట పాలపిట్టను పంజరంలో కుక్కి డబ్బులు దండుకునేవాళ్లకు భక్తి ఎక్కడిది? దేశమంతటా 30,000 మంది పక్షిప్రేమికులు రాసిన మూడు కోట్ల నమోదుల మీద 2023లో ఒక నివేదిక వచ్చింది. 942 జాతుల స్థితిని తూచిన ఆ నివేదికే పాలపిట్ట తగ్గిపోతోందని హెచ్చరించింది. నిజాయితీగా రాసిన లెక్క లేకుంటే ఆ హెచ్చరికా ఉండేది కాదు.

ఆ లెక్కల్లో ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా పుట మాత్రం ఇంకా పలచగానే ఉంది. 1983లో పులుల అభయారణ్యమైన అక్కడి ఇంద్రావతి అడవులకు మావోయిస్టు పోరులోని తుపాకుల భయంతో బయటివాళ్లు ఏళ్ల తరబడి రాలేకపోయారు. రాష్ట్ర పక్షి కొండగోరింక తిరిగే నేల ఇది. భోపాలపట్నం తెలుగు మాస్టార్లూ, గోండు గూడేల పిల్లలూ, ఈ పుట మీరే నింపాలి. మీ నోట ఉన్న పేర్లతోనే మొదలుపెట్టండి. కలివి పొదల్లో తిరుగుతుంది కనుక అది కలివికోడి: దాని చిరునామా ఊరివాళ్లు ఏనాడో పేరులోనే రాసిపెట్టారు. అదీ నిజమైన చీటీ.